చేతిపని ప్రశ్న – జవాబు: అప్పడాలవుతున్న గిఫ్ట్ ట్యాగ్‌లు

ప్రశ్న: ఈ క్రిస్మస్‌కి గిఫ్ట్ ట్యాగ్‌లు కొనకుండా ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టాను. డ్రాయింగ్ షీటు మీద పాత పేపరు ముక్కలు అంటించి అక్రిలిక్ రంగు వేస్తున్నాను. ఆరేసరికి అప్పడంలా వంకర్లు తిరుగుతున్నాయి. పేరు రాద్దామంటే జెల్ పెన్ను జారిపోతోంది. ఏం చెయ్యాలి?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ డ్రాయింగ్ షీటు మానెయ్యండమ్మా. కాగితం తడి తాగి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. జిగురూ రంగూ ఒకవైపే పడితే ఆ వైపుకే లాగేస్తుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే) మందపాటి వాటర్ కలర్ పేపరు తీసుకోండి. ఏ4 షీటుని మూడుసార్లు మడిచి కోస్తే ఎనిమిది ట్యాగ్‌లు వస్తాయి. వెనకవైపు కూడా నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వెయ్యండి. చేతికి అంటుకోనంతగా ఆరాక బటర్ పేపరు మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి.

డబ్బులెందుకు అనుకుంటే బీరువాలో పాత శుభలేఖలుంటాయిగా! అట్ట గట్టిది. నున్నగా మెరిసేదైతే రంగు పట్టదు, ఉప్పు కాగితంతో ఓసారి రుద్ది తెల్ల అక్రిలిక్ పూత వెయ్యాలి. దేవుడి బొమ్మ ఉన్న ముక్క మాత్రం పక్కన పెట్టండి. దాని మీద కత్తెర పెడితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు.

ఇక వరస. కాగితం ముక్కలు ముందు, వాటికి పల్చటి ఫెవికాల్. అవి ఆరాక నీళ్లెక్కువ కలిపిన రంగు. ఆ తర్వాతే ఉబ్బెత్తు పని. ధనుర్మాసం కదా, మా బెజవాడ బీసెంట్ రోడ్డులో తోపుడు బండ్ల మీద ముగ్గు స్టెన్సిల్ ప్లేట్లు కుప్పలుపోసి ఉంటాయి, మీకూ దొరుకుతాయి. ఒకటి ట్యాగ్ మీద కదలకుండా పట్టుకుని, మోడలింగ్ పేస్టుని (ఆరితే గట్టిపడే చిక్కటి ముద్ద) పాత ఏటీఎం కార్డుతో ఒక్క లాగు లాగండి. ప్లేటుని పక్కకి జరపకుండా నిటారుగా పైకెత్తాలి. ముగ్గు చుక్కలు వేలికి తగిలేలా లేస్తాయి. ప్లేటు వెంటనే కడగండి, పేస్టు గట్టిపడితే కన్నాలు మూసుకుపోతాయి.

క్రిస్మస్ స్టార్‌కి అచ్చు కొనక్కర్లేదు. ఐదు పలకల బెండకాయ అడ్డంగా కోసి, దాని జిగటని గుడ్డతో తుడిచి, రంగులో అద్ది ఒత్తండి. తుడవకపోతే రంగు పాకిపోతుంది. టైలరు దగ్గర మంగళగిరి చీర జరీ అంచు ముక్క దొరికితే అడుగున ఒక పట్టీ అంటించండి. గుడ్డకి మాత్రం ఫెవికాల్ నీళ్లు కలపకుండానే వాడాలి.

ఇవన్నీ ఒకే ట్యాగ్ మీద మాత్రం వద్దు! మూడు దాటితే పేరు కనబడదు. ఆ పేరు కూడా రంగు మీద రాయకండి. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరే, పెన్ను జారక ఏం చేస్తుంది? తెల్ల కాగితం పట్టీ మీద బాల్ పెన్నుతో రాసి చివర్లో అంటించండి. తప్పు రాసినా పట్టీ ఒక్కటే పోతుంది.

ప్రశ్న: ఏ ట్యాగ్ చూసినా మంచు మనిషే. మనకి తగ్గ బొమ్మలు చెప్పండి.
– ఒక టీచరు, పటమట, విజయవాడ

జవాబు: వాకిట్లో వేలాడే కాగితం స్టారు, గుణదల కొండ మీది శిలువ. రెండోది పిల్లలు కూడా గీస్తారు. తెల్ల మైనపు క్రేయాన్‌తో శిలువ గీసి, పైన నీలం వాటర్ కలర్ వేస్తే మైనం ఉన్నచోట రంగు పట్టక శిలువ తెల్లగా మిగులుతుంది.

ప్రశ్న: అరిసెల డబ్బాలకి కట్టిన ట్యాగ్‌లకి నూనె మరకలు పడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండువైపులా వెడల్పాటి ట్రాన్స్‌పరెంట్ టేపు వేసి, అంచులు అర అంగుళం వదిలి కత్తిరించండి. డబ్బా లోపల కాదు, బయట తాడుకి కట్టండి. తినేవాటికి కట్టే ట్యాగ్‌ల మీద మెరుపుల పొడి చల్లకండి, అది రాలి అరిసెల్లో పడుతుంది.