గ్రీకు యుద్ధం మీద నవల రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం నీ చేతికి లొంగింది, కాలం ఇంకా లొంగలేదు. నీ కథానాయకుడు రథమెక్కి యుద్ధానికి వెళ్తాడు, తిరిగొచ్చి ఏథెన్స్ నాయకుడు పెరిక్లిస్ ప్రసంగం వింటాడు, రాత్రికి టమాటా కూరతో రొట్టె తింటాడు. రథాల మీద పోరు హోమర్ కావ్యాల్లోని వీరులది. ఆ వీరులవని చెప్పే మైసీనీ కోటలు క్రీ.పూ. 1200 ప్రాంతంలో తగలబడ్డాయి, పెరిక్లిస్ చనిపోయింది క్రీ.పూ. 429లో. టమాటా అమెరికా నుంచి యూరప్ చేరడానికి ఆ తర్వాత కూడా దాదాపు రెండువేల ఏళ్లు పట్టింది. ముందు ఒక ఏడాది, ఒక చోటు ఎంచుకో. ఏం కట్టారు, ఏం తిన్నారు, ఎవరికి మొక్కారు అన్నవి దాన్నిబట్టి తేలతాయి.

నన్నడిగితే ఏథెన్స్, స్పార్టా పోరాడుకుంటున్న క్రీ.పూ. 425, స్ఫాక్టీరియా. దక్షిణ గ్రీస్‌లోని పెలొపొనీస్ నైరుతి తీరంలో పైలోస్‌ను ఆనుకుని ఉన్న సన్నటి దీవి. పైలోస్‌లో ఏథెన్స్ వాళ్లు కోట కట్టుకున్నారు. వాళ్లను వెళ్లగొట్టడానికి వచ్చిన స్పార్టా సేనలో 420 మంది హాప్లైట్లు (బరువైన డాలు, ఈటె పట్టే కాలిబంట్లు), వాళ్ల సేవకులు ఆ దీవిలో చిక్కుకుపోయారు. ఏథెన్స్ ఓడలు చుట్టూ తిరుగుతూ కాపలా కాశాయి. ముట్టడి 72 రోజులు సాగింది. ఆ కాలపు చరిత్రకారుడు థూసిడిడీస్ దీన్ని ఎంత వివరంగా రాశాడంటే నువ్వు కల్పించాల్సింది మనుషుల లోపలి మాటలే.

అక్కడ కథంతా కడుపు చుట్టూ తిరుగుతుంది. సంధి నడిచిన ఇరవై రోజులూ దీవిలోకి తిండి పంపనిచ్చారు. మనిషికి రోజుకు రెండు ఖోయినిక్సుల బార్లీపిండి ముద్ద, రెండు కొటైల్‌ల ద్రాక్షసారా, కొంచెం మాంసం. సేవకుడికి అందులో సగం. ఖోయినిక్స్ అంటే లీటరుకు కాస్త ఎక్కువ, రెండు కొటైల్‌లు కలిపితే అర లీటరు పైచిలుకు. సంధి చెడ్డాక దొంగరవాణా మొదలైంది. సరుకు చేరవేసిన హెలట్‌కు, అంటే స్పార్టా కింద వెట్టిచాకిరీ చేసేవాడికి, స్వేచ్ఛ ఇస్తామని స్పార్టా మాటిచ్చింది. కొందరు ఈతగాళ్లు తేనె కలిపిన గసగసాలు, దంచిన అవిసెగింజలు తోలుసంచుల్లో కుక్కి, తాడుతో లాక్కుంటూ నీళ్ల అడుగునే ఈదుకెళ్లారు. ఆ ఈతగాడు నీ నవలలో లేడు. రథాన్ని తీసేసి అతన్ని తెచ్చుకో.

ముట్టడించినవాళ్లూ సుఖంగా లేరు. కోటలో ఒకే ఒక చిన్న ఊట. చాలామంది సముద్రపు ఒడ్డున గులకరాళ్లు తవ్వి, ఊరినన్ని నీళ్లు తాగారు. ఓడలు నిలపడానికి చోటు చాలక వంతులవారీగా ఒడ్డుకొచ్చి తిన్నారు. అలా దీవి కొసన దిగి వంట చేసుకుంటుంటే ఒకడి పొయ్యి నిప్పు పొరపాటున అడవికి అంటుకుంది. గాలి తోడై అడవి చాలావరకు కాలిపోయింది. దాక్కున్నవాళ్లు ఎందరో, ఎక్కడున్నారో ఏథెన్స్ సేనాని డెమోస్తనీస్‌కు అప్పుడు కనిపించింది. దాడికి దారి దొరికింది ఆ వంట వల్లే. యుద్ధానికో అధ్యాయం, రోజువారీ బతుకుకో అధ్యాయం అని నువ్వు విడగొట్టిన పద్ధతి ఇక్కడ నిలబడదు.

ఇక డాలు. నువ్వు దాన్ని పళ్లెంలా తిప్పించావు. అది అడ్డంగా సుమారు 90 సెంటీమీటర్లు, బరువు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. చెక్క మీద పల్చటి కంచు రేకు. మధ్యలో ఉన్న పట్టీలోంచి ముంజేతిని మోచేతిదాకా దూర్చి, అంచు దగ్గరి తాడును గుప్పిట పట్టాలి. ఇలా పట్టుకుంటే డాలులో సగం ఎడమవైపుకు పొడుచుకొస్తుంది. అది కాసేది పక్కవాణ్ణి. నీ కుడిపక్కను కాసేది నీ కుడివైపువాడి డాలు. అందుకే ప్రతివాడూ భయంతో కుడికి ఒత్తుకుంటాడు, బారు మొత్తం కుడికి జరిగిపోతుంది. క్రీ.పూ. 418లో మాంటినియా దగ్గర స్పార్టా రాజు ఏజిస్ దీన్ని సరిచేయబోయి ఎడమ దళాన్ని ఇంకా ఎడమకు జరపమన్నాడు. ఖాళీ పూడ్చాల్సిన ఇద్దరు అధికారులు కదలలేదు. ఆ సందులోంచి శత్రువు చొచ్చుకొచ్చాడు. గెలుపు చివరికి స్పార్టాదే అయినా, ఆ ఇద్దరికీ దేశబహిష్కారం పడింది. భయం రాయాలంటే గుండెదడ వర్ణించకు, కుడికాలు ఒక అడుగు పక్కకు పడటం రాయి.

స్ఫాక్టీరియాలో ఈ బారు పనికిరాలేదు. బాణాలు, రాళ్లు విసిరి పారిపోయే తేలికపాటి సైనికులను బరువు మోసే హాప్లైట్లు పట్టుకోలేకపోయారు. కాలిన అడవి బూడిద లేచి కళ్లు కనిపించలేదు, కేకల్లో ఆజ్ఞలు వినిపించలేదు. చివరికి 292 మంది ప్రాణాలతో లొంగిపోయారు. పైలోస్‌లో స్పార్టా వాళ్ల దగ్గర గెలుచుకున్నదని అక్షరాలు పొడిచిన కంచు డాలు ఒకటి ఏథెన్స్‌లోని అగోరా మ్యూజియంలో ఉంది. దాని ఫోటో చూడకుండా ఈ ఘట్టం రాయకు.

నీ పాత్రలు దేవుళ్లను ఊతపదాల్లా వాడుతున్నాయి. నమ్మకం సేనల్నే ఆపిన రోజులవి. క్రీ.పూ. 413 ఆగస్టు 27న చంద్రగ్రహణం పట్టింది. అప్పటికే సిసిలీ దీవిలోని సిరక్యూజ్ వదిలి వెళ్లాలని తేల్చుకున్న ఏథెన్స్ సేనాని నికియాస్, శకునం చూసేవాళ్ల మాట విని మూడు తొమ్మిదుల రోజులు, అంటే 27 రోజులు, కదలనన్నాడు. ఆ ఆలస్యంలో ఏథెన్స్ సేన నాశనమైంది. అతన్ని మూర్ఖుడిగా చూపిస్తే నీ నవల చచ్చిపోతుంది. చాలామంది సైనికులు కూడా ఆగమనే అడిగారు. పురాణం కూడా ఒకే పాఠంగా ఉండదు. ట్రాయ్ యుద్ధానికి కారణమని చెప్పే హెలెన్ అసలు ట్రాయ్‌కే వెళ్లలేదు, ఈజిప్టులోనే ఉండిపోయిందన్న కథ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌లో ఉంది. మన రామకథలు ఎన్నో తెలిసిన నీకు ఇది కొత్త కాదు. ఒకే ఓడలో ఇద్దరు రెండు పాఠాలు చెప్పుకుని వాదించుకోనీ.

యాస సంగతి అడిగావు. స్పార్టా వాడికి రాయలసీమ మాట, ఏథెన్స్ వాడికి గోదావరి మాట పెట్టొద్దు. పాఠకుడికి ఆ ఊళ్లే కనిపిస్తాయి. అయితే ఏథెన్స్ పక్షాన పోరాడిన మెస్సీనియన్లది (స్పార్టా లొంగదీసుకున్న పొరుగు సీమవాళ్లు) స్పార్టన్ల యాసే. శత్రువు తన మాటలాగే మాట్లాడితే కాపలావాడు ఏమైపోతాడు? ఆ ఘట్టం తప్పక రాయి.

ఇక ఓడ అధ్యాయం. తెడ్డు వేసేవాళ్లను గొలుసులతో కట్టేశావు. మూడు వరసల తెడ్ల యుద్ధనౌక ట్రైరీమ్‌లో 170 మంది తెడ్డు వేస్తారు. పై వరసలో 62, మధ్యన 54, అడుగున 54. వాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు, అందులో చాలామంది పేద పౌరులు. ఎవడి తెడ్డు, మెత్త, తోలుపట్టీ వాడివే. స్ఫాక్టీరియా మీద దాడికి అడుగు వరసవాళ్లు తప్ప మిగతా తెడ్డుగాళ్లంతా చేతికందిన ఆయుధంతో ఒడ్డుకు దిగారు. గొలుసులు తీసేసి ఆ అధ్యాయం మధ్య వరసలో కూర్చున్నవాడి వైపు నుంచి మళ్లీ రాసి పంపు.