కంటి హెర్పిస్ మళ్లీ వస్తుందా? మూడుసార్లు వచ్చినవారి జవాబు

“కంటికి హెర్పిస్ సోకి తగ్గింది, మళ్లీ వస్తుందా, రాకుండా ఏం చేయాలి?” అని అడిగారు. రావచ్చు, నాకు పదకొండేళ్లలో మూడుసార్లు, మూడుసార్లూ ఎడమ కంటికే వచ్చింది. అయితే నా చూపుకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది మొదటిసారి తెలియక వేసుకున్న చుక్కల మందు కాబట్టి, ముందుగా ఆ సంగతి చెబుతాను.

ఒకరోజు నిద్ర లేచేసరికి కన్ను ఎర్రబడి, నీరు కారుతూ, నలుసు పడినట్టు గరగరలాడింది. కండ్లకలక అనుకుని మందుల దుకాణంలో అడిగితే, యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసిన చుక్కలు ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది, నేను నిశ్చింతగా ఉన్నాను. ఐదో రోజుకు వెలుతురు వైపు చూడలేకపోయాను, అక్షరాలు మంచు పట్టిన అద్దం వెనక ఉన్నట్టు కనిపించసాగాయి. పుసులు కట్టకపోవడం, రెండో కంటికి అంటకపోవడం చూసైనా నాకు అనుమానం రావలసింది, రాలేదు.

కంటి డాక్టరుగారు ముందుగా దూదిని సన్నని పోగులా మెలిపెట్టి, కుడి కంటి నల్లగుడ్డుకు పక్క నుంచి తాకించారు. రెప్ప టక్కున మూసుకుంది. తర్వాత ఎడమ కంటికి ఎప్పుడు తాకిస్తారా అని నేను ఎదురుచూస్తుండగానే, “తాకించడం అయిపోయింది” అన్నారు. నాకు సోకింది హెర్పిస్ వైరస్ అనీ, అది నల్లగుడ్డులోని నరాలను దెబ్బతీసి స్పర్శ తగ్గిస్తుందని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నారింజ రంగు కాగితపు పట్టీతో కంట్లో రంగు వేసి, నీలి కాంతిలో చూసి, ఫోటో తీసి చూపించారు. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా మెరుస్తూ చీలికలు చీలికలుగా పాకిన కొమ్మ, ప్రతి రెమ్మ చివరా చిన్న మొగ్గలాంటి ఉబ్బు. నడిమధ్యలో ఆ కొమ్మ కలిసిపోయి వెడల్పాటి పుండుగా మారింది, అది స్టెరాయిడ్ చలవే అన్నారు. ఎరుపు, వాపు మన ఒళ్లు వైరస్‌తో చేసే పోరాటానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణచివేస్తుంది కాబట్టి కన్ను తెల్లబడుతుంది, లోపల వైరస్ మాత్రం అడ్డు లేకుండా పెరుగుతుంది. చీటీ లేకుండా ఇలాంటి చుక్కలు చేతిలో పెట్టే అలవాటు మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు.

అలాగని స్టెరాయిడ్ ఎప్పుడూ విషం కాదు. పై పొర కింద, నల్లగుడ్డు మందంలో వాపు వచ్చినప్పుడు వైరస్ మందు తోడుగా డాక్టర్లే దాన్ని రాస్తారు, వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. అప్పుడు సొంతంగా ఆపేయడం కూడా ప్రమాదమే. ఏ పొరలో జబ్బు ఉందో స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే డాక్టరు పరికరం) కింద చూస్తే తప్ప తేలదు.

నాకు ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు, 3 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు ఐదుసార్లు పెట్టమన్నారు. పుండు మానింది కానీ మచ్చ మిగిలింది, రాత్రిపూట దీపాల చుట్టూ చెదిరిన కాంతి ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్న. జ్వరం తగ్గేటప్పుడు మూతి పేలుతుందే, చాలామందిలో దానికి కారణమైన వైరసే ఇది. పుండు మానాక కంటికి వెళ్లే నాడి మొదట్లో, ట్రైజెమినల్ గ్యాంగ్లియన్‌లో దాక్కుంటుంది, అక్కడి నుంచి దాన్ని వెళ్లగొట్టే మందు ఇంకా లేదు. మళ్లీ రావడాన్ని తగ్గించవచ్చు. 1998లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, అంతకుముందు ఏడాదిలో ఈ జబ్బు వచ్చిన 703 మందిలో సగం మందికి 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ రోజుకు రెండుసార్లు ఏడాది పాటు ఇస్తే, ఆ ఏడాదిలో 19 శాతం మందికే కంటి జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 32 శాతం. రెండోసారి వచ్చాక నేనూ ఏడాది వాడాను, వాడినన్నాళ్లూ రాలేదు. మూత్రపిండాల జబ్బు ఉంటే మోతాదు మార్చాలి కాబట్టి, సొంతంగా మొదలుపెట్టకండి. నిద్ర చెడితే తిరగబెడుతుందని నా గట్టి నమ్మకం, నా మూడు దఫాలూ నిద్ర లేని వారాల తర్వాతే వచ్చాయి.

జబ్బు పేరు వినగానే బంధువులు గొంతు తగ్గించి మాట్లాడారు, నడవడికను శంకించారు. ఈ వైరస్ చాలామందికి చిన్నప్పుడే, ముద్దు పెట్టినవారి లాలాజలం ద్వారా సోకుతుంది. ఆ సిగ్గుతో డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్లకండి.

రోజూ ఉదయం ఒక్కో కన్ను మూసి గోడమీద క్యాలెండర్ అంకెలు చదువుతాను. మూడోసారి అలాగే మసకను పసిగట్టి, ఏ చుక్కా వేయకుండా, కాంటాక్ట్ లెన్స్ తీసేసి ఆ రోజే వెళ్లాను. పాత ఫోటో వెంట ఉండడం వల్ల ఏది పాత మచ్చో, ఏది కొత్త పుండో డాక్టరుగారు వెంటనే చెప్పగలిగారు, ఈసారి మచ్చ పెరగలేదు. మీ ఫోటో కూడా అడిగి తీసుకుని ఫోనులో దాచుకోండి.