స్వీటు డబ్బా రంగు కోసం ఎర్రమట్టి దిబ్బల దాకా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డిజైన్ అంటే ప్రాణం, సైన్సు సంగతి ఏది చదివినా ఉత్సాహం వస్తుంది, పాత శిల్పాలూ కొత్త ఊళ్లూ రెండూ లాగుతాయి, కానీ ఏదీ లోతుగా పట్టుబడదు, ఇంట్లోవాళ్లు "అన్నిట్లోనూ వేలు పెడతావు" అని దెప్పుతున్నారు, విశాఖలోనే ఉంటూ ఈ కుతూహలాన్ని ఒక దారిలో పెట్టడం ఎలా? నేను పద్నాలుగేళ్లుగా ఇదే ఊళ్లో శుభలేఖలు, స్వీటు డబ్బాలు, దుకాణాల బోర్డులు డిజైన్ చేసి బతుకుతున్నాను. ఇంట్లో ఇవే దెప్పిపొడుపులు నేనూ తిన్నాను. నా అనుభవం చెబుతాను; ఏ విషయం ఎంచుకోవాలన్న ఆలోచన పక్కన పెట్టి, పనిలో ఎదురైన ఒక చిన్న ప్రశ్నను పట్టుకుని అది ఎటు పోతే అటు పోయాను. నా విషయంలో ఆ ప్రశ్న ఎరుపు రంగు.

ఒక స్వీటు దుకాణదారు తన డబ్బాకు "మన ఎర్రమట్టి దిబ్బల రంగు" కావాలన్నారు. నేను ఫోటోలోంచి రంగు తీసి పంపాను, ప్రెస్సు నుంచి వచ్చిన డబ్బా కాల్చిన ఇటుకలా ఉంది. రెండోసారి కుంకుమలా వచ్చింది. మూడోసారి డబ్బులు పోగొట్టుకునే ఓపిక లేక, రంగుల కార్డు సంచిలో వేసుకుని ఒక ఆదివారం పొద్దున్నే భీమిలి రోడ్డు పట్టాను.

దిబ్బలు ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది, కాబట్టి అక్కడి ఇసుకను చూసి రావడమే తప్ప తేకూడదు. వాన కోసిన సందులో నిలబడి గోడ పక్కన కార్డు పెడితే, ఎండ పడినచోట ఒక ముక్క సరిపోయింది, నీడలో ఇంకొకటి సరిపోయింది, ముందురోజు జల్లుకు తడి ఆరని అడుగుభాగంలో మూడోది సరిపోయింది. నీళ్లు రేణువుల మధ్య ఖాళీలు నింపినప్పుడు వెలుతురు బయటికి తిరిగి రాకుండా లోపలే ఎక్కువసేపు తచ్చాడి ఇంకిపోతుంది కాబట్టి తడి ఇసుక ముదురుగా కనిపిస్తుందని ఎప్పుడో చదివిన వాక్యం, అక్కడ నిలబడ్డాకే నా బుర్రకెక్కింది.

అసలు ఆశ్చర్యం కురుపాం మార్కెట్లో కొన్న కంసాలి కంటి అద్దంతో చూసినప్పుడు కలిగింది. వేలికి అంటిన నాలుగు రేణువులను అద్దం కింద పెడితే అవి ఎర్రటి రాళ్లు కావు. లోపల గాజులాంటి తెల్లని స్ఫటికం, పైన తుప్పు రంగు పొర. వేళ్ల మధ్య గట్టిగా నలిపితే ఎరుపు చర్మానికి అంటుకుని, రేణువు కాస్త తెల్లబడింది. చివరి మంచు యుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసిందనీ, అందులోని ఇనుమున్న ఖనిజాలు వేల ఏళ్లపాటు శిథిలమై, ఆ ఇనుమే తుప్పుగా మారి ప్రతి రేణువుకూ తొడుగులా పట్టుకుందనీ భూవిజ్ఞానులు చెబుతారు. అంటే ఆ దిబ్బ మొత్తం తెల్ల ఇసుకకు వేసిన పూత. పెయింటు పని చేసేవాణ్ని కాబట్టి ఆ మాట నాకు బాగా నచ్చింది.

మరి ఆ ఇనుమున్న ఖనిజాలేవి? సాగర్ నగర్ దగ్గర, సముద్రం ఉధృతంగా ఉన్న మర్నాడు పొద్దున చూడండి, తెల్ల ఇసుక మీద నల్లని చారలు, వాటి అంచున దానిమ్మ గింజ రంగు చారలు కనిపిస్తాయి. చాలామంది దాన్ని మురికి అనుకుని దాటిపోతారు. నలుపు ఇల్మనైటు, ఎరుపు గార్నెట్, రెండూ ఇనుమున్న ఖనిజాలే. మన నవరత్నాల్లోని గోమేదికం కూడా గార్నెట్ కుటుంబానిదే. మామూలు ఇసుక అయిన క్వార్ట్జు నీటి కంటే 2.65 రెట్లు బరువైతే గార్నెట్ దాదాపు 4 రెట్లు, ఇల్మనైటు అంతకంటే ఎక్కువ బరువు ఉంటాయి. అల ఒడ్డుకు అన్నిటినీ తెస్తుంది కానీ, వెనక్కి పోయేటప్పుడు తేలికవాటిని మాత్రమే ఊడ్చుకుపోతుంది కాబట్టి బరువైనవి చారలుగా మిగులుతాయి. చేటతో బియ్యం చెరిగే పనే ఇది.

పాడైన హార్డ్ డిస్క్ లోంచి తీసిన అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ చార మీద తిప్పాను. నల్ల రేణువులు ఎగిరి వచ్చి అంటుకున్నాయి, ఎర్రవి కొంచెం బద్ధకంగా కదిలాయి, తెల్లవి కదలలేదు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన ఇదంతా చూసి, "ఏటి బాబూ, బంగారమేటైనా తగిలిందేటి?" అని అడిగారు. కాగితం మీద మూడు కుప్పలు చూపించాను. "ఈ నల్లిసుక ఎండకి కాలిపోద్ది, మేం దీని మీద సెప్పుల్లేకుండా నడవం" అన్నారు. ఏ పుస్తకంలోనూ నేను చదవని మాట అది. నలుపు వేడిని ఎక్కువ పీల్చుకుంటుందని తెలిసి కూడా ఆ చారకు ఆ సంగతిని నేను ముడిపెట్టలేదు.

ఆ గార్నెట్లు మన కొండల్లోంచే వచ్చాయి. కైలాసగిరి సహా ఈ చుట్టుపక్కల కొండల్లో విస్తారంగా ఉన్న రాయి ఖొండలైటు, తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. విరిగిన ముక్క చేతిలోకి తీసుకుంటే బూడిద, గోధుమ రంగుల మధ్య ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. ఇది తెలిసిన ఏడాదికే కుటుంబంతో కోణార్క వెళ్లాను. అది 13వ శతాబ్దంలో తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడు కట్టించిన గుడి. మన సింహాచలానికీ ఆ వంశంవారే పోషకులు. చక్రం నీడను బట్టి గైడు వేళ చెబుతుంటే అందరూ నీడను చూస్తున్నారు, నేను మాత్రం రాతికి ముక్కు ఆనించినంత పని చేశాను. అవే ఎర్ర చుక్కలు! గుడిలో ఎక్కువ భాగం ఖొండలైటే. మా ఆవిడ "ఇంత దూరం వచ్చి కైలాసగిరి రాయి చూస్తున్నారా" అని నవ్వింది కానీ, నాకు ఆ రోజు దొరికిన పాఠం వేరే ఉంది: ఈ రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కాలక్రమంలో మట్టిగా మారుతుంది, ఉప్పుగాలి తోడైతే శిల్పాల ముఖాలు రాలిపోతాయి, ద్వారబంధాలకు మాత్రం శిల్పులు సన్నని రేణువులుండే క్లోరైటు రాయి వాడారు, అక్కడి లతలు ఇప్పటికీ పదునుగా ఉన్నాయి. ఏ పనికి ఏ పదార్థం అన్న విషయంలో దీన్ని మించిన డిజైన్ తరగతి నాకు దొరకలేదు.

ఇక మూడో ఎరుపు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడ సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. తరిణి మీద, అంటే కర్రను గిరగిర తిప్పే యంత్రం మీద, అంకుడు కర్ర తిరుగుతుంటే, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుస్తుంది. పొయ్యి లేదు, కుంచె లేదు. రంగు ఆరేదాకా ఆగే పని కూడా లేదు. జాఫ్రా గింజల నుంచి నారింజ కలిసిన ఎరుపు వస్తుంది. నేను కొన్న బుడ్డి చేతికిస్తూ ఆ కళాకారుడు, "ఎండలో ఎట్టకండి బాబూ, ఇది సెట్టు రంగు" అన్నారు. నేను వినలేదు, తూర్పు కిటికీలో పెట్టాను.

ఇప్పుడు మూడు ఎరుపులకు మూడు కారణాలు తెలిశాయి. గార్నెట్లో ఇనుము స్ఫటికం నిర్మాణంలోనే ఒక భాగం, దిబ్బల్లో అదే ఇనుము ఆక్సిజన్‌తో కలిసి పైపూత అయింది, బొమ్మలో ఇనుముతో పనిలేని మొక్క రంగు. మొదటి రెండూ ఎండకు బెదరవు, మూడోది వెలిసిపోతుంది. దీన్ని తెలుసుకోవడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది, సైన్సు, శిల్పం, ప్రయాణం మూడూ దారిలోనే కలిశాయి. వాటిని కలపాలని నేను ప్రత్యేకంగా ప్రయత్నించింది లేదు.

మీరు మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు: కంసాలి అద్దం, చిన్న నోటుపుస్తకం, భీమిలి బస్సు టికెట్టు చాలు. ఎరుపే కానక్కర్లేదు. మీరు దుస్తుల డిజైన్ చేస్తే నీలిమందు వెంట పడవచ్చు, ఇళ్ల డిజైన్ అయితే ఉప్పుగాలికి ఏ గోడ ఎలా పెచ్చులూడుతుందో చూడవచ్చు. ఒక్కటే జాగ్రత్త, చూసినరోజే రాసుకోండి. నేను మొదటి ఏడు నెలలూ ఫోన్లో ఫోటోలే తీశాను, ఇప్పుడు వాటిలో ఏది ఎక్కడిదో నాకే తెలియదు.

స్వీటు డబ్బాకు చివరికి నీడలోని గోడ రంగు ఖాయమైంది, దుకాణదారు దాన్ని కూడా ఒక పాలు ముదురు చేయించారు. కిటికీలోని లక్క బుడ్డి ఎండ వైపు లేత నారింజగా, గది వైపు కొత్తదానిలా ఎర్రగా ఉంది. సహజ రంగులతోనే డబ్బా వేయమని ఎవరైనా పట్టుబడితే, దాన్ని బల్ల మీద పెట్టి మెల్లగా తిప్పి చూపిస్తాను.