చేతులతో చేసే వైద్యం

ప్రశ్న: మా అమ్మాయి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చివరి సంవత్సరం. ఆర్థో (ఎముకలు, కీళ్ల) విభాగంలో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేస్తానంటోంది. పని ఎలా ఉంటుందండీ?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చేయనివ్వండమ్మా, రెండేళ్ల కోర్సే. కరెంటు మిషన్ పెట్టి కూర్చోవడమే ఈ పని అనుకుంటారు చాలామంది, అది నిజం కాదు. మోకాలు మార్చిన పేషెంటును చాలాసార్లు మర్నాటికే లేపి నడిపించాలి, గోనియోమీటర్‌తో మోకాలు ఎంత వంగుతోందో కొలవాలి, భుజం పట్టేసినవాళ్లు నొప్పికి ఏడుస్తుంటే ధైర్యం చెబుతూనే వ్యాయామం చేయించాలి, ఇంట్లో చేయాల్సినవీ నేర్పాలి, అన్నీ రాసిపెట్టాలి. రోజంతా నిలబడే ఉండాలి. బొటనవేళ్లు, నడుము నొప్పి పుడతాయి, అందుకే బల్ల ఎత్తు సరిచేసుకోవడం మొదటి నుంచే అలవాటు చేసుకోమనండి. ప్రైవేటులో మొదటి జీతాలు తక్కువే, నాకు బాధగా ఉంటుంది. చేరేముందు రోజుకు ఎంతమంది పేషెంట్లో తప్పకుండా అడగమనండి.