గే సినిమాలకు విడిగా ఫెస్టివల్, విడిగా అవార్డు ఎందుకు?

మామూలు ఫిల్మ్ ఫెస్టివల్స్‌లోనే ఈ సినిమాలు వేయొచ్చు కదా, మళ్లీ వేరే ఫెస్టివల్, వేరే అవార్డు దేనికని ఒకరు అడిగారు. వేస్తున్నారండీ. బెర్లిన్‌ ఫెస్టివల్లో 1987 నుంచీ ఈ సినిమాలకని టెడ్డీ అవార్డు ఉంది, వెనిస్‌లో 2007లో, కాన్‌లో 2010లో ఇలాంటివే మొదలయ్యాయి. అయినా అవార్డు సంగతి తర్వాత. నేను చెప్పాలనుకున్నది హాలు గురించి.

ముంబైలో కషిష్ అని ఇలాంటి సినిమాలకే ఒక ఫెస్టివల్ జరుగుతుంది, దర్శకుడు శ్రీధర్ రంగాయన్ 2010లో మొదలుపెట్టారు. 2019 జూన్‌లో మా అక్కని తీసుకెళ్లాను. గే సంబంధాల్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నేను గే అని అక్కకి చెప్పి మూడేళ్లయింది, కానీ ఆ మూడేళ్లలో దాని గురించి మా మధ్య ఒక్క మాట లేదు. మెరైన్ లైన్స్ దగ్గర లిబర్టీ థియేటర్, పాతకాలం సింగిల్ స్క్రీన్. హమ్ ఆప్ కే హై కౌన్ రెండేళ్లు ఆడిన హాలు ఇదేనని చెప్తే అక్క మొహం వెలిగిపోయింది, తెనాలిలో ప్రేమాలయం అని డబ్బింగ్ వచ్చినప్పుడు నాలుగుసార్లు చూసిందిలెండి.

లోపల ఒక హిందీ షార్ట్ ఫిల్మ్ నడుస్తోంది. పెళ్లిచూపుల సీను. పెళ్లికొడుకు అమ్మాయి వంక చూడకుండా ప్లేటులో సమోసాని ముక్కలు ముక్కలు చేస్తుంటాడు, వాళ్లమ్మేమో మావాడికి సిగ్గెక్కువ అంటూ ఉంటుంది. హాలు హాలంతా ఒక్కసారిగా నవ్వింది. అది అతన్ని చూసి నవ్విన నవ్వు కాదు, ఆ కుర్చీలో తామూ కూర్చుని వచ్చినవాళ్ల నవ్వు. అక్క కూడా నవ్వి, మధ్యలో ఆగిపోయింది. నాకు మూడు సంబంధాలు చూసింది తనే. చీకట్లో నా చెయ్యి పట్టుకుని "నీకూ ఇలాగే ఉండేదేంట్రా?" అంది. "అవునక్కా" అన్నాను. సినిమా అయ్యేదాకా చెయ్యి వదల్లేదు.

మన తెలుగు సినిమాల్లో నడుము తిప్పుకుంటూ ఒక మగాడు రాగానే హాలు ఎక్కడ నవ్వుతుందో అందరికీ తెలుసు. నేను పదో తరగతిలో అలాంటి కామెడీ ట్రాక్ చూస్తూ, చుట్టూ ఫ్రెండ్స్ ఉన్నారు కాబట్టి వాళ్లకన్నా గట్టిగా నవ్వాను. ఆ నవ్వు గొంతులో ఇంకా ఉంది నాకు. ఇన్నేళ్లయినా మన రచయితలు ఆ ట్రాక్ వదల్లేకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. సినిమా మంచిదా చెడ్డదా అన్నది ఒకటి, హాలు ఎక్కడ నవ్వుతుంది అన్నది ఇంకొకటి. విడిగా ఫెస్టివల్ కావాల్సింది ఆ రెండోదాని కోసమే.

అవార్డు అంటారా, కషిష్‌లో కొత్త భారతీయ దర్శకులకు రియాద్ వాడియా పేరు మీద ఒకటి ఇస్తారు. ఆయన 377 బతికున్న రోజుల్లో, 1996లోనే, గేల మీద బామ్‌గే అనే షార్ట్ ఫిల్మ్ తీసిన మనిషి, 2003లో పోయారు. ఆ పేరు తల్చుకోవడానికైనా ఆ అవార్డు ఉండాలి.

ఇంకొకళ్లు ఓటీటీలో అన్నీ దొరుకుతున్నాయిగా అని రాశారు. 2020లో కరోనా వల్ల కషిష్ ఆన్‌లైన్‌లో పెట్టారు. అక్క తెనాలిలో, బావ, పిల్లలు పడుకున్నాక, గది తలుపేసుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసింది. మర్నాడు ఫోన్ చేసి ఒక సినిమా కథంతా చెప్పి, చివర్లో "నవ్వొచ్చిందిరా, కానీ పైకి నవ్వితే లేచి ఏంటని అడుగుతారని ఆపుకున్నా" అంది.