రిమోట్లు మూడు, కదిలేవాడు ఒక్కడే

మామూలు రోజుల్లో నాకు వచ్చే ప్రశ్నలు ప్రింటర్ గోల, పెన్‌డ్రైవ్ గోల. ఏప్రిల్ ఆఖరుకి బడులు మూసేశారంటే చాలు, అన్నీ పిల్లకాయల ఆటల మీదే. ఈసారి వచ్చినవాటిలో సగం దాదాపు ఒకటే బాధ, ఒక కంప్యూటర్‌కి ఒకటికి మించి కంట్రోలర్లు, అంటే చేత్తో పట్టుకొని ఆట ఆడించే మీటల పెట్టెలు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. మనవైపు దాన్ని రిమోట్ అనే అంటాం కాబట్టి నేనూ అట్లాగే రాస్తాను.

ప్రశ్న: మా అన్నగారి పిల్లలిద్దరు సెలవులకు వచ్చారు. మా అబ్బాయితో కలిపి ముగ్గురు. రిమోట్లు కూడా మూడు. ఒకటి వైరుది, ఒకటి వైరు లేకుండా, కంప్యూటర్‌కి గుచ్చే చిన్న డాంగిల్‌తో పనిచేసేది, మూడోది వాళ్ళు తెచ్చుకున్న ఎక్స్‌బాక్స్‌ది. నిన్న మావాడి చేతిలోది ఒకటో నంబరు, ఇవాళ అదే రిమోట్ మూడో నంబరు అయింది. ఒక్కోసారి ఒకటో నంబరు ఎవరిదో తెలియదు, తెర మీద ఫుట్‌బాల్ ఆటగాడు కదలకుండా నిలబడిపోతాడు. రోజూ ఇంట్లో యుద్ధమే. ఏ రిమోట్ నంబరు దానికి శాశ్వతంగా ఉండేట్టు చేయలేమా? (ఒక తల్లి, వేదాయపాళెం, నెల్లూరు)

జవాబు: శాశ్వతంగా అంటే, ఆ సదుపాయం విండోస్‌లో లేదమ్మా. ముందే చెప్పేస్తే మీకు సెట్టింగులన్నీ తిరగేసే శ్రమ తప్పుతుంది.

టీవీకి తగిలించే పాత వీడియో గేమ్ పెట్టె మీకు గుర్తుండే ఉంటుంది. ముందువైపు రెండు రంధ్రాలు, వాటి పక్కన 1, 2 అని అచ్చు. దేంట్లో గుచ్చితే ఆ నంబరు. కంప్యూటర్‌కి ఉన్న యూఎస్‌బీ పోర్టులకి అటువంటి నంబర్లు లేవు. ఎవరు ముందు కనెక్ట్ అయ్యారు అన్నదే లెక్క. ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ పెట్టె వచ్చినప్పుడు, 2005లో, మైక్రోసాఫ్ట్ రిమోట్ మాట గేమ్‌కి చేర్చడానికి ఎక్స్‌ఇన్‌పుట్ అనే పద్ధతి పెట్టింది. ఇప్పటికీ చాలా కంప్యూటర్ గేములు దాని మీదే నడుస్తున్నాయి. అందులో సీట్లు నాలుగంటే నాలుగే.

బస్సు అనుకోండి. ముందు ఎక్కినవాడికి ఒకటో సీటు, తర్వాతవాడికి రెండోది. దారిలో రెండోవాడు దిగిపోతే మూడోవాడు పక్కకి జరగడు, ఉన్నచోటే ఉంటాడు. ఆ తర్వాత ఎవడు ఎక్కితే వాడికి ఆ ఖాళీ దక్కుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదే. ఒకడు అన్నానికి లేచి వెళ్తాడు. ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ రిమోట్‌ని పావుగంట ముట్టుకోకపోతే దానంతట అదే ఆరిపోతుంది, అంటే బస్సు దిగిపోయినట్టే. ఈలోగా ఇంకొకడు వైరు కాలికి తగిలి ఊడిందని మళ్ళీ గుచ్చుతాడు. మొదటివాడు చేయి కడుక్కొని వచ్చేసరికి వాడి సీటులో ఇంకొకడు ఉంటాడు.

ఇక తెర మీద కదలని ఆటగాడి సంగతి. నెల్లూరు బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేవాళ్ళు ఉంటారు కదా, డాంగిల్ చేసేది ఆ పనే. చవకరకం డాంగిళ్ళలో కొన్ని, రిమోట్ ఆపేసి అలమారలో ఉన్నా సరే, తాము గుచ్చి ఉన్నంతసేపూ "రిమోట్ ఉంది" అనే విండోస్‌కి చెబుతుంటాయి. కంప్యూటర్ ఆన్ చేసేటప్పటికే అది పోర్టులో ఉంటే ఒకటో సీటు మీద తువ్వాలు పడిపోయినట్టే. కూర్చునే మనిషి మాత్రం ఉండడు. కాబట్టి ఆ రిమోట్ వాడని రోజున డాంగిల్ కూడా తీసేయండి.

మీరు చేయాల్సింది ఇది. గేమ్ మూసేయండి. మూడు రిమోట్లనూ, డాంగిల్‌తో సహా, తీసేయండి. ఒకటో నంబరు ఎవరికి కావాలో వాడిది ముందు కలపండి. కంప్యూటర్ 'టుడుంగ్' అని చప్పుడు చేసేదాకా ఆగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది. గేమ్ తెరవడం ఆఖర్న. కొన్ని గేములు మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చూసుకుంటాయి, తర్వాత వచ్చినవాళ్ళని పట్టించుకోవు.

గేమ్ స్టీమ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో గేములు అమ్మే ఆ అంగడిలో, కొన్నదైతే ఇంత తతంగం అక్కర్లేదు. ఆట మధ్యలో షిఫ్ట్, ట్యాబ్ మీటలు కలిపి నొక్కితే స్టీమ్ వాళ్ళ తెర పైకి వస్తుంది. అందులో కంట్రోలర్ సెట్టింగుల్లో రిమోట్ల వరస మార్చుకునే చోటు ఉంటుంది. తీసి గుచ్చే పని లేకుండా అక్కడే పైకీ కిందకీ జరుపుకోవచ్చు.

అసలు కంప్యూటర్‌కి ఎన్ని కనిపిస్తున్నాయో చూడాలంటే, విండోస్ బొమ్మ ఉన్న మీటనూ 'ఆర్' మీటనూ కలిపి నొక్కండి. వచ్చిన గడిలో ఇంగ్లీషులో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఉన్న రిమోట్ల జాబితా వస్తుంది. ఒకదాన్ని ఎంచుకొని ప్రాపర్టీస్‌లోకి వెళ్తే, చేతిలో మీట నొక్కినప్పుడు తెర మీద దాని గుండ్రం ఎర్రగా వెలుగుతుంది. అయితే ఈ జాబితాలో పైన ఉన్నదే ఒకటో నంబరు అనుకోవద్దు, ఆ వరస వేరు. అక్కడే అడ్వాన్స్‌డ్ అని ఒక బటన్ ఉంటుంది. అందులో ఏ రిమోట్ ముఖ్యమో ఎంచుకోమంటుంది. చాలామంది అది మార్చి, పని కాలేదని నాకు ఫోన్ చేస్తారు. అది బాగా పాత గేముల కోసం పెట్టింది, మీ ఫుట్‌బాల్ గేమ్ దాని జోలికి పోదు.

ఎక్స్‌బాక్స్ 360 రిమోట్‌లో నడుమ బటన్ చుట్టూ నాలుగు ముక్కల పచ్చ దీపం ఉండేది. ఏ ముక్క వెలిగితే ఆ నంబరు. చూడగానే తెలిసిపోయేది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ వచ్చినప్పుడు ఆ దీపాలు తీసేశారు. ఎందుకు తీశారో గానీ నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

పొదలకూరు రోడ్డులో నాకు ఒకప్పుడు చిన్న గేమ్ సెంటర్ ఉండేది. నాలుగు రిమోట్లు, బయట చెప్పులు విప్పి వరసలో నిలబడే పిల్లకాయలు. నంబర్ల తగాదా పడలేక మా ఆవిడ గోళ్ళరంగు సీసా తెచ్చి ఒక్కో రిమోట్‌కి ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు పెట్టాను. వైరు చివర కూడా అన్నే చుక్కలు. పొద్దున తాళం తీయగానే చుక్కల వరసలో గుచ్చేవాణ్ణి. చుక్క వల్ల నంబరు మారదు, గుచ్చేవాడికి గుర్తుంటుందంతే. మీ ఇంట్లో ముగ్గురికి ఇది సరిపోతుంది. మా సెంటర్‌లో మాత్రం ఒకడు "అన్నా, ఒకటో నంబరు అయితేనే నేను గెలుస్తా" అని రెండో చుక్కను గోటితో గీకి పారేశాడు. అది కూడా కాచుకోండి.

ప్రశ్న: నాది సోనీ వాళ్ళ పీఎస్4 రిమోట్. కంప్యూటర్‌లో వాడటానికి డీఎస్4విండోస్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. మెనూలో ఒకసారి కిందికి నొక్కితే రెండు గడులు దిగుతోంది. ఇద్దరం ఆడే గేమ్‌లో ఒక్క రిమోట్‌తోనే ఇద్దరు మనుషులూ కదులుతున్నారు. రిమోట్ పాడైందా? (ఇంజినీరింగ్ విద్యార్థి, కావలి)

జవాబు: పాడవలేదు బాబూ. నీ రిమోట్ ఒకటే, వేషాలు రెండు.

సోనీ రిమోట్‌కి ఎక్స్‌ఇన్‌పుట్ భాష రాదు. డీఎస్4విండోస్ మధ్యలో దుబాసీగా కూర్చొని ఒక ఉత్తుత్తి ఎక్స్‌బాక్స్ రిమోట్‌ని పుట్టిస్తుంది. గేమ్ దాన్ని ఒక్కదాన్నే చూస్తే గొడవ లేదు. కానీ సోనీ రిమోట్‌ని నేరుగా గుర్తుపట్టే గేములు చాలానే ఉన్నాయి. అవి అసలుదాన్నీ చూస్తాయి, ఉత్తుత్తిదాన్నీ చూస్తాయి. పైన చెప్పిన జాబితా తెరిచి చూడు. 'వైర్‌లెస్ కంట్రోలర్' అని ఒకటి, 'ఎక్స్‌బాక్స్ 360' అని ఇంకొకటి ఉంటాయి. చేతిలో మాత్రం ఒకటే ఉంటుంది.

స్టీమ్ గేమ్ అయితే ముందు ఒకటి తేల్చుకో. స్టీమ్ కూడా ఇదే దుబాసీ పని చేస్తుంది. ఇద్దరు దుబాసీలు ఎందుకు? డీఎస్4విండోస్ మూసేసి చూడు. లేదా ఆ గేమ్ ప్రాపర్టీస్‌లో కంట్రోలర్ అన్నచోట స్టీమ్ ఇన్‌పుట్ ఆపేయి. రెండింట్లో ఒకటి, రెండూ కాదు.

డీఎస్4విండోసే కావాలంటే హిడ్‌హైడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అసలు రిమోట్‌ని గేముల కంట పడకుండా దాచేస్తుంది. వేసుకొని కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యి. అందులో అప్లికేషన్ల జాబితాలో డీఎస్4విండోస్‌ని చేర్చు, దానికి మాత్రం రిమోట్ కనపడాలి కదా. డివైజుల జాబితాలో నీ సోనీ రిమోట్‌కి టిక్కు పెట్టి, దాచమనే టిక్కు కూడా పెట్టు. ఆ తర్వాత రిమోట్ ఒకసారి తీసి మళ్ళీ కలుపు.

ఈ దాచిన సంగతి మరిచిపోతే మాత్రం తిప్పలే. పోయిన ఏడాది ఒక కుర్రాడు నా దగ్గరికి రిమోట్ తెచ్చి "ఫోన్‌లో పనిచేస్తాంది, కంప్యూటర్‌లో అసలు కనపడటం లేదన్నా" అన్నాడు. నేను పెద్ద మొనగాడిలా విప్పాను, లోపలి పట్టీ సరిచేశాను, బిగించాను. మధ్యాహ్నమంతా దానికే పోయింది. సాయంత్రం తెలిసింది, వాడు డీఎస్4విండోస్ తీసేశాడు గానీ హిడ్‌హైడ్‌లో టిక్కు అట్లాగే ఉంది. ఒక్క టిక్కు తీయగానే రిమోట్ కనపడింది. ఆ పూట పనికి డబ్బులు అడగలేదు, అడిగే మొహం లేక.

ప్రశ్న: మా పాత యూఎస్‌బీ రిమోట్ పాత గేముల్లో పనిచేస్తుంది, కొత్త గేముల్లో కనిపించదు. అది పారేసి, అన్నీ ఒకే రకంవి నాలుగు కొనాలని మావాడి పట్టు. నిజంగా అంత అవసరమా? (ఒక తండ్రి, కోవూరు)

జవాబు: కొనే ముందు రిమోట్‌ని తిరగేసి చూడండి. కొన్నింటికి వెనకవైపో పక్కనో చిన్న మీట ఉంటుంది, ఒకవైపు ఎక్స్, ఇంకోవైపు డి అని. డి అంటే ఎక్స్‌ఇన్‌పుట్ రాకముందు నుంచీ ఉన్న డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతి. కొత్త గేముల్లో చాలావాటికి అది అర్థం కాదు. ఎక్స్ వైపు జరిపి, తీసి మళ్ళీ గుచ్చండి. మీట లేనివాటిలో కొన్నింటికి నడుమ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపం మారి పద్ధతి మారుతుంది. కొన్న పెట్టెలో కాగితం ఉంటే అందులో రాసి ఉంటుంది.

మీది రెండూ లేని మరీ పాతదైనా స్టీమ్ దాన్ని అర్థం చేసుకొని గేమ్‌కి ఎక్స్‌బాక్స్ రిమోట్‌లా చూపించగలదు. అందుకని పారేయమని నేను చెప్పను. పాత గేములకి అదే హాయి. ఒకే రకంవి కొంటే వచ్చే సుఖం ఒకటే, పిల్లకాయలు "నాది పాతది" అని ఏడవరు. దానికి ఎంత ఖర్చు పెట్టాలో మీ ఇష్టం. ఒకేలా ఉన్న నాలుగింట్లో ఏది ఏదో మాత్రం జాబితాలో అసలు తెలియదు, నాలుగూ ఒకే పేరుతో ఉంటాయి.

ప్రశ్న: నాలుగు రిమోట్లనూ ఒకే యూఎస్‌బీ హబ్‌కి (ఒక పోర్టును నాలుగు చేసే పెట్టె) గుచ్చాము. గోల్ పడి అన్నీ ఒకేసారి వణికినప్పుడు నాలుగూ డిస్‌కనెక్ట్ అవుతున్నాయి. (ఆత్మకూరు)

జవాబు: కరెంటు చాలడం లేదు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు. ప్లగ్గు లేని హబ్ ఆ కాస్తనే నలుగురికీ పంచాలి. లోపల మోటార్లు ఒక్కసారి తిరిగేసరికి హబ్ చేతులెత్తేస్తుంది. రెండింటిని నేరుగా సీపీయూ వెనకవైపు పోర్టులకి మార్చండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ తెచ్చుకోండి. డబ్బు ఖర్చు లేని దారి కావాలంటే గేమ్‌లో వైబ్రేషన్ ఆపేయండి.

ఆడకుండా ఊరికే ఉన్నప్పుడు ఊడిపోతుంటే అది వేరే రోగం. విండోస్‌లో పరికరాలన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌ల మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఆపడానికి అనుమతించే టిక్కు తీసేయండి.

ప్రశ్న: రిమోట్ బల్ల మీద ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ఆటలో మనిషి మాత్రం తనంతట తనే ఎడమవైపు నడుస్తుంటాడు. మా అమ్మమ్మ కంప్యూటర్‌కి గాలి సోకిందంటోంది. (మూలాపేట, నెల్లూరు)

జవాబు: మళ్ళీ అదే జాబితా తెరిచి, రిమోట్ ప్రాపర్టీస్‌లో గడి నడుమ ఉండే చిన్న కూడిక గుర్తును చూడండి. చేయి వేయకపోయినా అది పక్కకి జరిగి ఉంటే బొటనవేలితో తిప్పే పుల్ల అరిగింది. గేమ్ సెట్టింగుల్లో డెడ్ జోన్, అంటే పుల్ల కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని మేర, కొద్దిగా పెంచితే కొంతకాలం నెట్టుకురావచ్చు.

గుర్తు నడుమనే కదలకుండా ఉంటే జాబితాలో ఇంకేముందో చూడండి. కారు ఆటల కోసం కొన్న స్టీరింగ్, పెడల్స్ ఇంకా గుచ్చి ఉన్నాయేమో. పెడల్‌ని తొక్కకుండా వదిలేసినప్పుడు దాని లెక్క నడుమ ఉండదు, ఒక చివర ఉంటుంది. పెడల్ అని తెలియని గేమ్‌కి అది ఎవరో పుల్లను ఒక పక్కకి నొక్కి పట్టుకున్నట్టే. వైరు తీసేయండి. బల్ల వెనక్కి చేయి అందకపోతే డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద గేమ్ కంట్రోలర్ అన్నదాన్ని డిసేబుల్ చేయండి. కారు ఆట ఆడేటప్పుడు మళ్ళీ ఎనేబుల్ చేయడం మరవద్దు, లేదంటే బ్రేకు పడటం లేదని నాకే రాస్తారు.