అల్టీమీటరులో ఏ ఒత్తిడి పెట్టుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పైలట్ శిక్షణలో ఉంది. చిన్న విమానంలో బయలుదేరే ముందు అల్టీమీటరును (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే మీటరు) క్యూఎన్‌హెచ్‌కు (సముద్రమట్టానికి లెక్కగట్టిన స్థానిక గాలి ఒత్తిడికి) సరిచేసుకోవాలని నేర్పుతున్నారట. నేల మీద ఉన్నప్పుడు అది సున్నా చూపేలా పెట్టుకుంటే లెక్క తేలిక కదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీరన్న పద్ధతి లేకపోలేదు, దానిని క్యూఎఫ్‌ఈ అంటారు. ఒకే రన్‌వే చుట్టూ తిరిగి దిగే అభ్యాసానికి అది సుఖమే. ఊరు దాటితేనే చిక్కు. రేణిగుంట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ సున్నా పెట్టుకుని నెల్లూరు మీదుగా ఉత్తరానికి వస్తుంటే, ఎడమవైపున్న వెలిగొండల ఎత్తును చార్టు (విమాన పటం) సముద్రమట్టం నుంచి చెబుతుంది, మీటరేమో రేణిగుంట నేల నుంచి చెబుతుంది. పైగా ఎదురుగా వచ్చే విమానం క్యూఎన్‌హెచ్‌తో ఎగురుతుంటే ఇద్దరూ రేడియోలో చెప్పుకొనే అంకెలకు పొంతన ఉండదు. క్యూఎన్‌హెచ్ పెడితే మీటరు సముద్రమట్టం నుంచి ఎత్తు చూపుతుంది కనుక చార్టు, పైలట్లు, కంట్రోలరు అందరిదీ ఒకే లెక్క అవుతుంది. చార్టులో ఇచ్చిన ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ (ఒత్తిడి అంకె మార్చుకోవలసిన ఎత్తు) దాటి పైకి వెళ్లేవారు మాత్రం ప్రామాణిక ఒత్తిడి అయిన 1013.25 హెక్టోపాస్కల్స్‌కు (ఇది గాలి ఒత్తిడి కొలమానం) మారతారు. చిన్న విమానాలకు ఆ అవసరం తక్కువ.

అసలు జాగ్రత్త పడవలసింది దారిలో ఒత్తిడి మారినప్పుడు. తక్కువ ఎత్తుల్లో ఒక హెక్టోపాస్కల్ తేడాకు మీటరు లెక్కలో సుమారు 27 అడుగుల తేడా వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిన రోజుల్లో, 1010 పెట్టుకుని బయలుదేరిన విమానం 1000 ఉన్న చోటికి మీటరు మార్చకుండా వస్తే, ముల్లు వెయ్యి అడుగులు చూపుతున్నా విమానం ఉండేది సుమారు 730 అడుగుల్లోనే. అందుకే దారిలో దగ్గరి స్టేషను ఇచ్చే క్యూఎన్‌హెచ్ అడిగి మార్చుకుంటూ పోవాలి. ఎండాకాలపు వేడి దీనికి విరుద్ధం; గాలి వ్యాకోచించడం వల్ల విమానం మీటరు చూపేదానికన్నా కాస్త పైనే ఉంటుంది, అయితే పైకెక్కే సత్తా మాత్రం తగ్గుతుంది.

అంకె తప్పు వినడం ఇంకా ప్రమాదకరం. అమెరికా తయారీ విమానాల్లో ఒత్తిడి స్కేలు పాదరసపు అంగుళాల్లోనూ ఉంటుంది. కంట్రోలరు 992 హెక్టోపాస్కల్స్ చెబితే, అలవాటు కొద్దీ 29.92 అంగుళాలు పెట్టేశారనుకోండి. అది 1013తో సమానం కనుక మీటరు దాదాపు 570 అడుగులు ఎక్కువ చూపుతుంది. పెద్ద విమానాలకూ ఈ గండం తప్పలేదు. 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో దిగబోతున్న ఎయిర్‌బస్ ఎ320కి 1001 బదులు 1011 అని చెప్పారు. రన్‌వే ఇంకా ముందుండగానే అది నేలకు ఆరు అడుగుల దాకా దిగి, తిరిగి పైకి లేచింది. పైలట్ తిరిగి చదివి చెప్పినా తప్పు బయటపడలేదు, ఎందుకంటే ఆయన తనకు చెప్పిన అంకెనే అప్పగించాడు. కనుక మీ అమ్మాయి విన్న అంకెను అంతకుముందు విన్నదానితోనూ, వాతావరణ నివేదికతోనూ పోల్చుకోవాలి. పొంతన లేకపోతే మొహమాటపడకుండా మళ్లీ అడగాలి. బయలుదేరే ముందు క్యూఎన్‌హెచ్ పెట్టగానే మీటరు ఆ విమానాశ్రయపు ఎత్తును చూపాలి. అమెరికా మార్గదర్శకాల ప్రకారం 75 అడుగులకు మించి తేడా కనబడితే మెకానిక్‌కు చూపించాకే ఎగరాలి.